తేదీల తేడా మీద రాసిన అప్‌డేట్ పనిచేయకపోతే

తమ్ముడూ,

గడువు దాటి 30 రోజులు మించిన బకాయిలకు స్టేటస్ మార్చే అప్‌డేట్ (రికార్డుల్ని మార్చే ఆదేశం) నీ డేటాబేస్‌లో రన్ చేస్తే ఎర్రర్ ఏమీ రాలేదు గానీ ఒక్క రికార్డు కూడా మారలేదన్నావు. టెన్షన్ పడకు. అలాగని కండిషన్ అటూ ఇటూ మార్చి మళ్లీ మళ్లీ కొట్టకు, అది లైవ్ డేటా. ముందు అప్‌డేట్ పక్కన పెట్టి సెలెక్ట్ రాయి, అది డేటాని చూపిస్తుందే తప్ప మార్చదు. గడువు తేదీ, ఈరోజు తేదీ, డేట్‌డిఫ్ (రెండు తేదీల మధ్య రోజులు లెక్కపెట్టే ఫంక్షన్) ఇచ్చిన అంకె, మూడూ పక్కపక్కన కనపడాలి. వేర్‌లో, అంటే ఏ రికార్డులు కావాలో చెప్పే భాగంలో, తేదీ కండిషన్ వద్దు, లేకపోతే అసలు తేడా ఎక్కడుందో నీకు కనిపించదు.

అంకెలు మైనస్‌లో ఉంటే తేదీలు తిరగేసి ఇచ్చావన్నమాట. నీది మైఎస్‌క్యూఎల్ కదా, అందులో డేట్‌డిఫ్ మొదటి తేదీలోంచి రెండోది తీసేస్తుంది, కాబట్టి ఈరోజు తేదీ ముందుండాలి. మైక్రోసాఫ్ట్ వాళ్ల ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో దీనికి ఉల్టా, పాత తేదీ ముందు. అక్కడి క్వెరీ ఎక్కడో చూసి కాపీ కొట్టినవాళ్లు ఎక్కువగా ఇక్కడే దెబ్బతింటారు. మైఎస్‌క్యూఎల్‌లోనే టైమ్‌స్టాంప్‌డిఫ్ అనే ఇంకో తేడా ఫంక్షన్ వాడితే మళ్లీ పాత తేదీయే ముందు, అది కూడా గుర్తుపెట్టుకో.

అంకె రావాల్సిన చోట నల్ (విలువే లేదని అర్థం) కనపడితే ఆ గడువు తేదీ ఖాళీగా ఉండొచ్చు. నల్‌ని 30తో పోలిస్తే వచ్చేది కూడా నల్లే, ఆ రికార్డు చడీచప్పుడు లేకుండా తప్పించుకుంటుంది. లేదా ఆ కాలమ్ వర్‌చార్ (తేదీ కాకుండా మామూలు అక్షరాలుగా దాచే రకం) అయ్యుండొచ్చు, 25/03/2024 అని మన పద్ధతిలో ఎక్కించి ఉంటారు. ఇది మరీ ప్రమాదం, ఒక్కోసారి నల్‌కి బదులు ఏదో తప్పు అంకె కూడా వస్తుంది. అలాంటప్పుడు స్ట్ర్-టు-డేట్ ఫంక్షన్‌తో ఆ అక్షరాల్ని తేదీగా మార్చి, అసలైన డేట్ కాలమ్ ఒకటి పెట్టించు, ప్రతి క్వెరీలో మార్చుకుంటూ కూర్చోవద్దు.

ఒక్కరోజు తేడా వస్తోందా? సర్వర్ టైమ్ యూటీసీలో (మన టైమ్‌కి ఐదున్నర గంటలు వెనక ఉండే అంతర్జాతీయ టైమ్) ఉందేమో చూడు. మన దగ్గర పొద్దున 5:30 దాకా దానికి ఇంకా నిన్నే.

లెక్క సరిపోయాక కండిషన్‌ని కాస్త మార్చు: గడువు తేదీ ఒక్కటే ఎడమవైపు, ఈరోజు మైనస్ 30 రోజులు కుడివైపు, మధ్యలో చిన్నది అనే గుర్తు. కాలమ్‌ని ఫంక్షన్‌లో చుట్టకపోతే ఇండెక్స్ (రికార్డుల్ని త్వరగా వెతికిపెట్టే సూచిక) పనికొస్తుంది, పెద్ద టేబుల్ మీద ఆ తేడా బాగా తెలుస్తుంది. ఆపైన ట్రాన్సాక్షన్ మొదలుపెట్టి అప్‌డేట్ కొట్టు, మ్యాచ్ అయిన రికార్డుల సంఖ్య అదే కండిషన్‌తో సెలెక్ట్‌లో వచ్చిన సంఖ్యతో సరిపోతేనే కమిట్ చేసి మార్పులు ఖాయం చెయ్, లేకపోతే రోల్‌బ్యాక్ కొట్టి వెనక్కి తీసుకో. టేబుల్ ఇన్నోడీబీ లాంటి, ట్రాన్సాక్షన్లు నడిచే స్టోరేజ్ ఇంజిన్‌లో ఉంటేనే రోల్‌బ్యాక్ పనిచేస్తుంది, అది ముందే చూసుకో.