తొమ్మిదేళ్ల పాపకు ఛాతీలో ఒకవైపే గడ్డ: స్కానింగ్ అవసరమా?

ప్రశ్న: మా పాపకు తొమ్మిదేళ్ల నాలుగు నెలలు. నెల రోజులుగా ఎడమ చనుమొన కింద చింతపిక్కంత గడ్డ చేతికి తగులుతోంది, ముట్టుకుంటే నొప్పి అంటోంది. బ్రాయిలర్ కోడి తినడం వల్లేనని మా అత్తగారు అంటున్నారు. స్కానింగ్ తీయించాలా?
– ఒక తల్లి, అమలాపురం

జవాబు: అమ్మా, మీరు రాసినదాన్ని బట్టి అది రొమ్ము ఎదుగుదలకు తొలి గుర్తుగానే కనిపిస్తోంది. ఆడపిల్లల్లో ఇది సాధారణంగా 8 నుంచి 13 ఏళ్ల మధ్య మొదలవుతుంది. ముందు ఒకవైపే కనిపించి, రెండోవైపు కొన్ని నెలలకు రావడం మామూలే. ఈ వయసులో మెదడులోని హైపోథాలమస్ నుంచి జీఎన్‌ఆర్‌హెచ్ అనే హార్మోను, మొదట్లో ఎక్కువగా రాత్రి నిద్రలో, విడతలవారీగా విడుదలై మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథిని ప్రేరేపిస్తుంది. అక్కడి నుంచి వెలువడే మరో రెండు హార్మోన్లైన ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్‌ల వల్ల అండాశయాలు స్త్రీ హార్మోను అయిన ఈస్ట్రోజెన్‌ను తయారు చేస్తాయి. దాని ప్రభావం ముందుగా కనిపించేది రొమ్ములోనే. పిల్లల డాక్టరు ఒకసారి చేత్తో పరీక్షించి నిర్ధారిస్తే చాలు, స్కానింగ్ అక్కర్లేదు. మాటిమాటికీ నొక్కి చూడకండి. గడ్డ అనుకుని కోయించడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు; రొమ్ముగా ఎదగాల్సిన ఆ మొగ్గను తీసేస్తే ఆ వైపు రొమ్ము ఇక ఎదగదు.

ఈ వయసులో కనిపించే మరికొన్ని మార్పులు, అంటే చంకల్లో చెమట వాసన, పలుచని వెంట్రుకలు రావడానికి ప్రధానంగా మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథుల హార్మోన్లు కారణం.

ఇక కోడి సంగతి. బ్రాయిలర్ కోడి త్వరగా పెరగడానికి కారణం ఎంపిక చేసి వృద్ధి చేసిన జాతి, దాణా; హార్మోన్లు కావు. అయితే బరువు ఎక్కువగా ఉన్న ఆడపిల్లల్లో ఈ మార్పులు కాస్త ముందుగా రావచ్చు కనుక, ఆదివారం కోడికూర కంటే బడి నుంచి రాగానే తాగే కూల్‌డ్రింకు మీద దృష్టి పెట్టమని మీ అత్తగారికి చెప్పండి.

మొదటి నెలసరి సాధారణంగా ఈ దశ మొదలైన రెండు, రెండున్నరేళ్లకు వస్తుంది. సమర్త గురించి ఇప్పుడే కంగారు పడనక్కర్లేదు గానీ, ఆ రోజు పాప బెదిరిపోకుండా ముందే మీరే వివరంగా చెప్పి ఉంచండి.

ఇవే మార్పులు 8 ఏళ్లు నిండకముందే మొదలైనా, కొద్ది నెలల్లోనే వేగంగా ముదిరినా, తరచూ తలనొప్పి, చూపు మందగించడం తోడైనా, కాకినాడలోనో రాజమహేంద్రవరంలోనో పిల్లల హార్మోన్ల నిపుణులకు చూపించి, ఎముకల వయసు తెలిపే ఎడమ మణికట్టు ఎక్స్‌రే, హార్మోన్ల రక్తపరీక్ష చేయించాలి. గడ్డ ఎర్రబడి జ్వరం వచ్చినా, చనుమొన నుంచి రక్తం గానీ చీము గానీ కారినా ఆలస్యం చేయవద్దు. మూడు నెలలకోసారి పాప ఎత్తు కొలిచి తేదీతో సహా రాసి పెట్టుకుని, డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడు ఆ కాగితం తీసుకెళ్లండి.