బడి మైదానాన్ని సెలవు రోజుల్లో చుట్టుపక్కల పిల్లలకు తెరవొచ్చా?

తెరవొచ్చు. కొత్త పార్కుకు స్థలం కొనడం కన్నా ఇది చవక, త్వరగా అయ్యే పని కూడా. బడి వదిలాక తాళం పడి ఖాళీగా ఉండే ఆవరణను నగరపాలక సంస్థతో ఒప్పందం చేసుకుని అందరికీ తెరుస్తారు. న్యూయార్క్ 2007లో ఈ పథకం మొదలుపెట్టింది. ప్రతి ఇంటికీ 10 నిమిషాల నడకలో పార్కు ఉండాలన్నది అప్పటి లక్ష్యం. పారిస్‌లోనైతే కొన్ని బడుల్లో తారు పెకలించి, చెట్లు నాటి, శనివారాలు ఇరుగుపొరుగుకు తెరుస్తున్నారు.

అసలు చిక్కంతా ఒప్పందం రాసుకోవడంలోనే. పిల్లాడు జారుడుబల్ల మీంచి పడి చెయ్యి విరిగితే బాధ్యత ఎవరిది? ఈ ఒక్క ప్రశ్నకే హెడ్మాస్టర్లు టెన్షన్ పడి వద్దంటారు. కాబట్టి బీమా ఎవరు కడతారు, తాళం ఎవరి దగ్గర ఉంటుంది, సోమవారం పొద్దున బడి తెరిచేలోపు చెత్త, గాజుపెంకులు ఎవరు ఏరతారు, ఇవన్నీ కాగితం మీద ఉండాలి. మరుగుదొడ్ల సంగతి చాలామంది మర్చిపోతారు. తరగతి గదులకు తాళం వేసినా వాటిని బయటినుంచి వాడుకునే వీలుంచాలి. కాపలా మనిషి జీతం మాత్రం నగరమే భరించాలంటాను. అదీ బడి నెత్తినే పెడితే కొన్నాళ్లకే గేటు మళ్లీ మూతపడుతుంది.