అక్షింతల మూటతో మ్యూజియం మెట్ల దగ్గర

“విదేశాలలో చారిత్రక మ్యూజియం భవనాలలో పెళ్లి విందులు చేస్తున్నారు కదా, మన విజయవాడ బాపు మ్యూజియంలో కూడా రిసెప్షన్లకు అనుమతిస్తే బాగుండదా?” అని ఒకరు నన్ను అడిగారు. అలాంటి భవనంలో మా పెద్దమ్మాయి రిసెప్షన్ జరిపించిన తల్లిగా చెబుతున్నాను. ఆవరణలో భోజనాల వరకు నాకు అభ్యంతరం లేదు. మన పెళ్లి తంతు మాత్రం అలాంటి భవనం లోపల జరగకూడదు.

మా అమ్మాయి పెళ్లి విజయవాడలోనే, కల్యాణమండపంలో జరిగింది. రెండు నెలల తరువాత స్నేహితుల కోసం అమెరికాలో తాము ఉండే ఊరిలో, వందేళ్లు దాటిన ఒక మ్యూజియం హాలును అల్లుడు ఒక సాయంత్రానికి అద్దెకు తీసుకున్నాడు. మా అత్తగారు దుగ్గిరాల కొమ్ములు తెప్పించి ఆడించిన పసుపును ఇక్కడి నుంచే వెంట తెచ్చుకున్నారు. ఆ ఉదయం అల్లుడి వంటింట్లో కూర్చుని, నూకలు లేకుండా బియ్యం ఏరి, పసుపు వేసి, నాలుగు చుక్కల నెయ్యితో కలిపి, కొత్త చేతిరుమాలులో మూట కట్టారు. మ్యూజియం మెట్ల దగ్గర అక్కడి ఉద్యోగిని ఒకామె ఆ మూటను చూసి, ఎంతో మర్యాదగానే, దానిని లోపలికి తీసుకురావద్దని చెప్పింది. బంతిపూల దండలనూ, హారతి పళ్లెంలోని కర్పూరాన్నీ కూడా బయటే ఉంచమంది.

“అక్షింతలు లేకుండా ఆశీర్వాదం ఏమిటే అమ్మాయ్, అడుగు ఆవిడను” అని అత్తగారు మనవరాలితో అన్నారు. నాకు కూడా కోపం వచ్చింది. హాలుకు అంత అద్దె పుచ్చుకుని, పిడికెడు బియ్యానికి అడ్డు చెప్పడం అవమానంగా తోచింది. ఆ ఉద్యోగిని వాదించకుండా మమ్మల్ని లోపలి మెట్ల వరకు తీసుకువెళ్లి, చేతిలోని చిన్న టార్చి వేసి, పాలరాతి మెట్టు అంచున అరచేతి వెడల్పు పసుపు మరకను చూపించింది. అంతకు ముందెప్పుడో జరిగిన ఒక విందులో ఎవరి కాలి కిందో అక్షింతలు నలిగాయట. ఎన్ని విధాల తుడిచినా ఆ మరక పూర్తిగా పోలేదట. అత్తగారు వంగి దానిని వేలితో తడిమి చూశారు. ఏమీ మాట్లాడకుండా బయటకు వచ్చి, మూటను కారులో పెట్టి, అల్లుడినీ మనవరాలినీ కారు దగ్గరికే పిలిపించి, అక్కడే తలల మీద చల్లారు. ఆ రాత్రి జరిగిన వాటిలో ఈనాటికీ నా కళ్లకు కట్టినట్లు నిలిచినది ఆ కారు పక్కన జరిగిన ఆశీర్వాదమే.

ఇంటికి వచ్చాక ఆలోచిస్తే ఆ ఉద్యోగిని చెప్పినదంతా మన వంటింటి అనుభవమేనని తెలిసింది. పసుపులోని రంగు నీటికి సరిగా కరగదు, నేతికి కరుగుతుంది. అందువల్ల నెయ్యి పట్టించిన అక్షింత రాతి సూక్ష్మరంధ్రాలలోకి రంగును తానే మోసుకుపోతుంది. నిమ్మరసం పడిన పాలరాతి గట్టు మెరుపు ఎలా పోతుందో ప్రతి గృహిణికీ తెలుసు. పాలరాయి, సున్నపురాయి రెండూ పులుపు తగిలితే కరిగే రకమే కనుక విస్తరిలోని పులిహోర, రసం కూడా వాటికి శత్రువులే. కర్పూరం మసి, హోమధూమం గోడలకూ విగ్రహాలకూ పడతాయి. పూలతో పాటు వచ్చే పురుగులు ఉన్నినీ, ఈకలనూ, చర్మాన్నీ తింటాయి. మన పెళ్లిలో మంగళకరమైనవన్నీ మ్యూజియానికి హాని చేసేవే కావడం దురదృష్టం.

ఇక బాపు మ్యూజియం సంగతి. విక్టోరియా రాణి స్వర్ణోత్సవ సందర్భంగా 1887లో శంకుస్థాపన జరిగిన ఆ బందరు రోడ్డు భవనానికి, 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో బెజవాడలో జరిగిన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశాలతోనూ, ఆ రోజులలో పింగళి వెంకయ్య గాంధీజీకి సమర్పించిన జెండాతోనూ సంబంధం ఉంది. చికాగోలో విందులకు హాలు అద్దెకిచ్చే ఫీల్డ్ మ్యూజియం తన ఇప్పటి భవనాన్ని ప్రజలకు తెరిచింది కూడా ఆ 1921 మే నెలలోనే. వయసులో మనదే పెద్దదైనా, పరిమాణంలో ఆ మహాభవనంతో పోలిక లేదు. అక్కడ అంత పెద్ద హాలులో వందల మంది విడివిడిగా కూర్చున్నా ప్రదర్శన వస్తువులు దూరంగానే ఉంటాయి. మన పెళ్లికి వచ్చే వెయ్యి మందిని ఇక్కడ ఎక్కడ నిలబెడతారు? వాళ్ల కార్లను బందరు రోడ్డు మీద ఎక్కడ ఆపుతారు?

నాకు మరింత బాధ కలిగించే సంగతి ఒకటి ఉంది. చారిత్రక భవనం కావాలని అడిగేవారు కూడా డెకరేషన్ వాళ్లు రాగానే దాని అసలు గోడను గుడ్డతో కప్పించి, దాని ముందు థర్మోకోల్ స్తంభాలు, ఫైబర్ ఏనుగులు నిలబెట్టిస్తారు. పాత గోడ అక్కరలేనప్పుడు పాత భవనం దేనికి? డీజే పెట్టెలు మోగితే కిటికీ అద్దాలు అదరడం నేను కల్యాణమండపాలలోనే చూశాను. అద్దాల అరలలోని వస్తువులకు ఆ అదురు మంచిదని ఎవరూ అనరు. కేంద్ర రక్షిత కట్టడమైన ఉండవల్లి గుహల వంటి చోట, 1959 నాటి నిబంధనల ప్రకారం, లిఖితపూర్వక అనుమతి లేకుండా విందులు, వినోదాలు జరపరాదు. రాష్ట్ర మ్యూజియాలలోనూ అంతే గట్టిగా ఉండాలని నా కోరిక.

గత ఏడాది మా చిన్నమ్మాయి పెళ్లికి ముహూర్తం, విందు రెండూ కల్యాణమండపంలోనే పెట్టుకున్నాం. మరునాడు విడిదిలోని మగపెళ్లివారిని ఇరవై మందిని బాపు మ్యూజియానికి తీసుకువెళ్లాం. విజయవాడలోనే పుట్టి పెరిగిన మా బంధువులలో ముగ్గురు తొలిసారి ఆ లోపలికి అడుగుపెట్టింది ఆ రోజే. అల్లూరు నుంచి తెచ్చిన తెల్లని సున్నపురాతి బుద్ధుడి ముందు అందరూ గుమిగూడినప్పుడు, మా అత్తగారు మాత్రం చేతులు కొంగులో చుట్టుకుని నాలుగు అడుగులు వెనక నిలబడ్డారు. దగ్గరికి రమ్మని పిలిస్తే, “నిన్నటి పసుపు ఇంకా చేతులకు ఉందమ్మా, ఇక్కడి నుంచి బాగానే కనిపిస్తున్నాడు” అన్నారు.