డబుల్ బేస్ వ్యాన్‌లో, డిగ్రీ సగంలో

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. మా అబ్బాయికి 20 ఏళ్లు, ఇక్కడే పుట్టి పెరిగాడు. కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరం. స్కూల్లో ఆర్కెస్ట్రా క్లాసులో డబుల్ బేస్ (మనిషంత ఎత్తుండే పెద్ద వయొలిన్ లాంటి వాద్యం) నేర్చుకున్నాడు. ఇప్పుడు ఇద్దరు స్నేహితులతో కలిసి ఒక రాకబిల్లీ (యాభైల నాటి రాక్ అండ్ రోల్) బ్యాండ్‌లో వాయిస్తున్నాడు. వీళ్లకంటే పెద్ద బ్యాండ్ ఒకటి నాలుగు నెలల టూర్‌లో తమ షోకి ముందు ఓపెనింగ్ వాయించమని పిలిచిందట. చదువు మానేసి వెళ్తానంటున్నాడు. మావారు వాడితో మాట్లాడటం మానేశారు. మధ్యలో నాకు టెన్షన్. ఇలాంటి బ్యాండ్‌లు పైకొస్తాయా?

జవాబు: వస్తాయమ్మా. కాకపోతే పైకి రావడమంటే మీవాడి మనసులో ఏముందో ముందు తెలుసుకోవాలి. ఆ మాట వాణ్ని ఎవరూ అడిగినట్టు లేదు.

మీవారికి ముందుగా ఒక తండ్రీకొడుకుల సంగతి చెప్పండి. స్టాన్లీ డ్రకర్ అని న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్‌లో క్లారినెట్ విద్వాంసుడు. 19 ఏళ్లకే, 1948లో, ఆ ఆర్కెస్ట్రాలో చేరి 2009 దాకా అక్కడే వాయించారు. ఒకే కొలువులో అరవై ఏళ్లు! ఆయన భార్య నయోమీదీ క్లారినెట్టే. ఆ ఇంటి పిల్లవాడు చిన్నప్పుడు చెలో నేర్చుకుని, తర్వాత డబుల్ బేస్ పట్టి, లీ రాకర్ అని పేరు మార్చుకుని, 1980 వేసవిలో ఇద్దరు స్నేహితులతో లండన్ విమానం ఎక్కేశాడు. అప్పటికి వాడికి 19 నిండబోతున్నాయి. ఆ ఇంట్లో ఏం మాటలు నడిచాయో నాకు తెలియదుగానీ, మీ ఇల్లు ఒంటరిది కాదని చెప్పడానికే ఇదంతా.

మీవాడిలాగే రాకబిల్లీ వాయించే ఆ ముగ్గురి బ్యాండ్ పేరు స్ట్రే క్యాట్స్. ముగ్గురూ న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలాండ్ కుర్రాళ్లు. 1979లో మొదలుపెట్టి చుట్టుపక్కల బార్లలో వాయించారు. అమెరికాలో అప్పటికి ఈ సంగీతం పాతబడిపోయింది. లండన్‌లో మాత్రం యాభైల నాటి పాటలంటే, ఆ జుట్టు, ఆ జాకెట్లంటే పడిచచ్చే కుర్రకారు ఉన్నారు. అందుకే అక్కడికి వెళ్లారు. కొన్ని నెలల్లోనే బ్రిటన్ టాప్ 10లోకి ఎక్కారు. 1981లో రోలింగ్ స్టోన్స్ అమెరికా టూర్‌లో కొన్ని షోలకు ఓపెనింగ్ కూడా వాయించారు. అయినా సొంత దేశంలో వాళ్ల ఆల్బమ్ బయటికి రావడానికి 1982 దాకా పట్టింది. పాటల వీడియోలు వేసే టీవీ చానెల్ ఎమ్‌టీవీ పుణ్యమా అని అది అమెరికాలో ఆల్బమ్‌ల బిల్‌బోర్డ్ చార్టులో 2వ స్థానం దాకా వెళ్లింది. ఇక తిరుగులేదు అనుకునేలోపే, 1984లో బ్యాండ్ విడిపోయింది.

ఇంకో దారి మీ ఊళ్లోనే ఉంది. రెవరెండ్ హార్టన్ హీట్ అనే బ్యాండ్ 1985 ప్రాంతంలో డాలస్‌లోనే పుట్టింది. స్ట్రే క్యాట్స్‌కి వచ్చినంత పెద్ద హిట్ వీళ్లకు ఎప్పుడూ రాలేదు. అయినా దశాబ్దాల తరబడి ఊరి తర్వాత ఊరు, క్లబ్బు తర్వాత క్లబ్బు వాయిస్తూనే ఉన్నారు. అదే వాళ్ల బతుకుతెరువు. మన సురభి నాటక కుటుంబాలు సామానూ సంసారమూ వెంటేసుకుని ఊరూరా తిరిగినట్టు అనుకోండి. మీవాణ్ని అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: రేపు ఒక్క హిట్ కూడా రాకపోయినా ఈ రెండో దారి నీకు సమ్మతమేనా? చాలామంది కుర్రాళ్లు లీ రాకర్ కథ వినిపించి మనల్ని ఒప్పిస్తారు, తీరా వాళ్లు నడవాల్సింది రెవరెండ్ దారి.

ఈ సంగీతానికి ఒక సౌలభ్యం ఉంది, అది మీకు తెలిస్తే మంచిది. 1954లో మెంఫిస్‌లోని సన్ స్టూడియోలో ఎల్విస్ ప్రెస్లీ మొదటి రికార్డు చేసినప్పుడు డ్రమ్సే లేవు. రెండు గిటార్లు, ఒక బేస్. బిల్ బ్లాక్ బేస్ తీగను లాగి వదిలి, అరచేత్తో కొడుతూ డ్రమ్ము లోటు తీర్చాడు. దాన్నే స్లాప్ అంటారు. మీవాడి వేళ్లకు ప్లాస్టర్లు ఎందుకుంటాయో ఇప్పుడు అర్థమైందా? ఆ బేస్‌ను కారు టాప్ మీద కట్టుకుని ఎల్విస్ బృందం ముగ్గురూ అమెరికా దక్షిణాది రాష్ట్రాలన్నీ తిరిగారు. స్ట్రే క్యాట్స్ డ్రమ్మర్ కూడా రెండు మూడు డ్రమ్ములు పెట్టుకుని నిలబడే వాయిస్తాడు. ముగ్గురు మనుషులు, ఒక బండి. పదిమంది బృందం దివాలా తీసే దూరాలు వీళ్లు లాగించగలరు.

అయితే డబ్బు దగ్గర జాగ్రత్త. చెడినవారు చెడింది అక్కడే. ఎల్విస్, గిటారిస్టు స్కాటీ మూర్, బిల్ బ్లాక్ మొదట్లో వచ్చింది సగం, పావు, పావు చొప్పున పంచుకునేవారు. 1954 చివర్లో ష్రీవ్‌పోర్ట్‌లో లూసియానా హేరైడ్ రేడియో షోకి ఒప్పందమైనప్పుడు ఒక్కో శనివారానికి ఎల్విస్‌కి 18 డాలర్లు, మిగతా ఇద్దరికీ 12 చొప్పున. ఆ తేడా అప్పటికి చిన్నదే. తర్వాత ఎల్విస్ ఆకాశానికి ఎగిరాడు, వీళ్లిద్దరూ జీతగాళ్లయ్యారు: రోడ్డు మీద ఉంటే వారానికి 200 డాలర్లు, ఇంట్లో ఉంటే 100. 1957 సెప్టెంబరులో ఇద్దరూ రాజీనామా ఇచ్చారు. కచేరీలో పక్కవాద్యం వాయించేవాళ్ల కష్టం మనకు కొత్తది కాదు కదా. మీవాడు బేస్ వాయిస్తాడు, ముందు నిలబడి పాడేది వేరొకడు. కాబట్టి వ్యాన్ ఎక్కేముందు ముగ్గురూ కూర్చుని ఒక కాగితం రాసుకోవాలి. పాటల హక్కులు ఎవరివి, బ్యాండ్ పేరు ఎవరిది, వ్యాన్ ఎవరి పేరున, ఒకడు మానేస్తే ఏమిటి. స్నేహితుల మధ్య కాగితాలేమిటి అని మీవాడు ముఖం చిట్లిస్తాడు. చిట్లించనివ్వండి.

ఇక లెక్క. ఇది ఊరికే ఉదాహరణ, అసలు అంకెలు వాడే వేయాలి. ఒక రాత్రికి 600 డాలర్లు వచ్చాయనుకుందాం. ఏజెంటుకి పదో వంతు, 60. పెట్రోలు 120. మోటెల్ 160. మిగిలింది 260. ముగ్గురికీ పంచితే తలకి 86 చిల్లర. అందులోనే తిండి, తీగలు. షో లేని రోజున రాబడి సున్నా, మోటెల్ మాత్రం మామూలే. చాలా చిన్న బ్యాండ్‌లను నిలబెట్టేది గేటు డబ్బులకంటే చివర్లో బల్ల మీద అమ్మే టీషర్టులే. నాలుగు నెలల షెడ్యూల్‌ని ఎక్సెల్‌లో పెట్టి ఊరూరికీ లెక్క వేసి తెమ్మనండి. కంప్యూటర్ సైన్స్ చదివేవాడికి అదేం కష్టం? వేసి తెచ్చాడంటే వాడు సీరియస్‌గానే ఉన్నాడు. రెండు వారాలు గడిచినా తేలేదంటే అది కూడా జవాబే.

చదువు సంగతి. మానేయడం వేరు, లీవ్ తీసుకోవడం వేరు. ఒక సెమిస్టర్ లీవ్ ఆఫ్ ఆబ్సెన్స్ గురించి వాడే వెళ్లి అడ్వైజర్‌ని అడగాలి. తిరిగొచ్చే తేదీ రాతలో ఉండాలి. స్కాలర్‌షిప్ ఉంటే అది నిలుస్తుందో లేదో విడిగా కనుక్కోవాలి. ఫెడరల్ స్టూడెంట్ లోను ఉంటే, సగం కోర్సు లోడు కంటే తగ్గిన రోజు నుంచి మామూలుగా ఆరు నెలల గడువే ఉంటుంది. నాలుగు నెలల టూర్ ఆరు నెలలకు సాగితే కిస్తీలు మొదలవుతాయి. హెల్త్ ఇన్సూరెన్స్‌లో మీ ప్లాన్ కింద 26 ఏళ్లు వచ్చేదాకా ఉండొచ్చు, అందులో నుంచి మాత్రం వాణ్ని తీసేయకండి. (ఇది చదివే ఎఫ్-1 స్టూడెంట్ వీసా పిల్లలకు ఒక మాట: ఈ సలహా మీకు వర్తించదు. చదువు ఆపితే స్టేటస్ పోతుంది, అనుమతి లేకుండా డబ్బుకి వాయించడం కూడా కుదరదు.)

నా తప్పు ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ల క్రితం కీబోర్డు వాయించే ఒక కుర్రాడికి 'ముందు డిగ్రీ' అని రెండు ముక్కల్లో తేల్చి పంపేశాను. డిగ్రీ పూర్తిచేశాడు. ఆ మూడేళ్లూ ఇంట్లో చెప్పకుండా రాత్రిళ్లు వాయించాడు, ఒక్క కాంట్రాక్టు కూడా చదవకుండా సంతకాలు పెట్టాడు. చదివి పెట్టగల పెద్దవాళ్లు ఎవరూ వాడి పక్కన లేరు, నేనూ లేను. అందుకే మీ విషయంలో నన్నడిగితే లీవ్ పెట్టి వెళ్లనివ్వమంటాను. నాలుగు నెలలే, అదీ కాగితం రాసుకుని, లెక్క చూపించాక. రెండోసారి పొడిగించాలంటే మళ్లీ ఇంట్లో కూర్చుని మాట్లాడాలి.

ఇంకోటి. మీరిద్దరూ వాడి షో ఇంతవరకూ చూసినట్టు మీ ఉత్తరంలో లేదు. ఈసారి డాలస్‌లో మ్యూజిక్ క్లబ్బులుండే డీప్ ఎలమ్‌లో వాయించేటప్పుడు వెళ్లి వెనక నిలబడండి. పాట అయిపోగానే వచ్చేయకండి. దీపాలు వేశాక ఎవరు కేబుళ్లు చుడుతున్నారు, ఎవరు టీషర్టుల డబ్బు లెక్కపెడుతున్నారు, ఎవరు బార్ దగ్గర కబుర్లలో ఉన్నారు, అది చూడండి. మీవారికీ మీకూ ఇయర్‌ప్లగ్స్ పట్టుకెళ్లండి, లోపల మోత బాగానే ఉంటుంది.