మా డాబా మీద సెల్ టవర్... తీయించగలమా?

ప్రశ్న: మేం కొత్తపేటలో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో పై ఫ్లోర్‌లో ఉంటున్నాం. మొత్తం ఇరవై ఫ్లాట్లు. రెండేళ్ల కిందట బిల్డర్ డాబా తనదేనంటూ సెల్ టవర్ కంపెనీకి అద్దెకిచ్చాడు. మా ఎవరి సంతకమూ తీసుకోలేదు. పోయిన ఏడాది మా మామగారికి మెదడులో గడ్డ ఉందని తేలి ఆపరేషన్ చేశారు. టవర్ వల్లే వచ్చిందని చుట్టుపక్కల అందరూ అంటున్నారు. మా పాపకి ఆరేళ్లు. తలుచుకుంటే టెన్షన్‌గా ఉంది. కరెంటు పోతే రాత్రంతా జనరేటర్ మోత. రేడియేషన్ మీద కేసు వేసి టవర్ తీయించవచ్చా? నష్టపరిహారం వస్తుందా? ఫొటోలు పంపుతున్నాను.
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి మామగారి సంగతి చదివి మనసు కలుక్కుమంది. రెండోసారి మాత్రం మీరు ఒక్క ముక్కలో తేల్చేసిన మాట దగ్గర ఆగిపోయాను. 'మా ఎవరి సంతకమూ తీసుకోలేదు' అన్నారు. మీ కేసుకి బలమంతా అక్కడే ఉంది. మీరేమో రేడియేషన్ మీద వేద్దామంటున్నారు. అలా వద్దని ఎందుకంటున్నానో ముందు చెబుతాను.

ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2011 మే నెలలో సెల్‌ఫోన్లు, టవర్ల నుంచి వచ్చే రేడియో తరంగాలను '2బి' వర్గంలో పెట్టింది. క్యాన్సర్ కలిగించే అవకాశాన్ని కొట్టిపారేయలేం, రుజువు మాత్రం పరిమితంగానే ఉంది అని దాని అర్థం. కలబంద ఆకు మొత్తం నుంచి తీసిన సారం కూడా అదే వర్గంలో ఉంది. పొగాకు, ఎక్స్‌రేలు ఉన్నది మొదటి వర్గంలో. 2018లో అమెరికా ప్రభుత్వ సంస్థ ఒకటి రోజుకి తొమ్మిది గంటల చొప్పున రెండేళ్లపాటు ఎలుకల ఒళ్లంతటికీ ఈ తరంగాలు తగలనిస్తే, మగ ఎలుకల గుండెలో గడ్డలు కనిపించాయి. ఇక మనుషుల సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కోరిన మీద 63 అధ్యయనాలను కలిపి చూసిన సమీక్ష 2024లో వచ్చింది. పదేళ్లకు పైగా ఫోన్ వాడినవాళ్లలో కూడా మెదడు క్యాన్సర్ పెరిగినట్టు అందులో తేలలేదు.

ఇప్పుడు మిమ్మల్ని బోనులో నిలబెట్టారనుకోండి. టవర్ కంపెనీ వకీలు అడిగే మొదటి ప్రశ్న, 'టవర్ వచ్చింది రెండేళ్ల కిందట, గడ్డ బయటపడింది మరుసటి ఏడాది. అది అంతకుముందే మొదలు కాలేదని ఏ డాక్టర్ చెప్పారు?' అని. ఆపరేషన్ చేసిన న్యూరోసర్జన్ కూడా 'ఈ గడ్డ ఫలానా టవర్ వల్ల వచ్చింది' అని రాసివ్వలేరు. అది రాసివ్వగల శాస్త్రం ఈరోజుకి లేదు. అందుకే, మామగారి జబ్బుకి టవర్ కంపెనీ నుంచి నష్టపరిహారం వస్తుందని నేను మీకు ఆశ పెట్టలేను. వస్తుందని చెప్పి ఫీజు అడిగేవాళ్లు మీకు కనబడతారు. వాళ్ల మాట నమ్మి ఆయన మందులకి ఉంచుకున్న డబ్బు కోర్టు ఖర్చుల్లో పోసుకోవద్దు.

గ్వాలియర్ కేసు సంగతి ఎవరో ఒకరు మీతో అనే ఉంటారు. ఇళ్లల్లో పనిచేసుకునే ఒకాయన, పక్కింటి మీది టవర్ వల్లే తనకి క్యాన్సర్ వచ్చిందని సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. 2017లో కోర్టు ఆ టవర్‌ని ఏడు రోజుల్లో ఆపేయమంది. నిజమే. కాకపోతే అది మధ్యంతర ఉత్తర్వు, అంటే కేసు తేలేలోపు ఇచ్చే తాత్కాలిక ఆదేశం. టవర్ వల్ల క్యాన్సర్ వస్తుందని కోర్టు అందులో తేల్చలేదు. హైకోర్టులైతే రెండు దారుల్లోనూ నడిచాయి. 2012లో రాజస్థాన్ హైకోర్టు బడులు, ఆసుపత్రుల దగ్గర టవర్లు తీసేయమంది. 2006లోనే కేరళ హైకోర్టు, హాని ఉందన్న రుజువు లేకుండా టవర్‌ని అడ్డుకోవడానికి వీల్లేదని పంచాయతీకి చెప్పింది.

5జీ మీద నటి జూహీ చావ్లా ఢిల్లీ హైకోర్టులో వేసిన దావా మీకు గుర్తుండే ఉంటుంది. 2021 జూన్‌లో దాన్ని కొట్టేసి 20 లక్షల రూపాయల ఖర్చులు విధించారు. తర్వాత అదే కోర్టులో ఇద్దరు జడ్జీల డివిజన్ బెంచ్ ఆ మొత్తాన్ని 2 లక్షలకి తగ్గించింది. ప్రభుత్వం మీద దావా వేసేముందు సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షన్ కింద ఇవ్వాల్సిన రెండు నెలల నోటీసు ఇవ్వలేదు, కోర్టు ఫీజు సరిగ్గా కట్టలేదు, ఆరోపించిన విషయాలు స్వయంగా తెలిసినవీ కావు. ఆ దావా ఇలాంటి చోట్లే దెబ్బతింది. ఇలాంటి కేసుల్లో భయం ఎంత నిజమైనదైనా కాగితం సరిగ్గా లేకపోతే జడ్జిగారు వినే దశ దాకా కూడా వెళ్లం.

ముందుజాగ్రత్త సూత్రం గురించి చెప్పకపోతే అన్యాయం చేసినవాణ్ణవుతాను. హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ చెరువుల దగ్గర పెట్టబోయిన నూనె పరిశ్రమ కేసులో సుప్రీంకోర్టు 1999లో ఆ సూత్రాన్ని ఎంతో వివరంగా చెప్పింది. ప్రమాదం ఉందని పూర్తిగా రుజువయ్యేదాకా ఆగక్కర్లేదు, ప్రమాదం లేదని చూపే బాధ్యత ఆ పని చేయదలచినవాళ్లదే అన్నది దాని సారం. మన హైదరాబాదు తాగునీళ్ల కోసం వచ్చిన తీర్పది. నాకు చాలా ఇష్టమైన తీర్పు. మీ దావాలో దాన్ని ఒక పేరాలో తప్పకుండా చెప్పించండి, కానీ దావా మొత్తాన్నీ దాని మీదే నిలబెట్టవద్దు. ఎందుకంటే అవతలివాళ్లు, 'ఆ జాగ్రత్త ప్రభుత్వం ఎప్పుడో తీసుకుంది' అంటారు. 2012 సెప్టెంబరు 1 నుంచి మన దేశంలో టవర్ల తరంగాల పరిమితిని అంతర్జాతీయ పరిమితిలో పదో వంతుకి తగ్గించారు. 900 మెగాహెర్ట్జ్ దగ్గర చదరపు మీటరుకి 4.5 వాట్లు ఉండేది 0.45కి వచ్చింది.

మీ టవర్ ఆ పరిమితిలోనే ఉందో లేదో మాత్రం మీరు తెలుసుకోవచ్చు. టెలికాం శాఖ 'తరంగ్ సంచార్' పోర్టల్‌లో మీ ప్రాంతం కొడితే టవర్ల వివరాలు వస్తాయి. 4 వేల రూపాయలు కడితే మీరు చెప్పిన చోటికే వచ్చి కొలుస్తారు. కొలతలు మీ పడకగది కిటికీ దగ్గరా పాప చదువుకునే బల్ల దగ్గరా తీయించండి. మీరు పంపిన రెండో ఫొటోలో పొడుగాటి తెల్ల యాంటెన్నాల ముఖం రోడ్డు అవతలి బిల్డింగ్ వైపు ఉంది. తరంగాలు టార్చిలైటు వెలుగులా ఎదురుగా పోతాయి కాబట్టి సాధారణంగా నేరుగా కింద ఉన్న మీకంటే, అదే ఎత్తులో ఎదురుగా ఉన్న ఇంటికే ఎక్కువ తగులుతాయి. వీలైతే ఆ ఇంటివాళ్లకి ఈ మాట చెప్పండి. వాళ్లకి ఇది తట్టి కూడా ఉండదు.

ఇక మీ డాబా సంగతి. మీరు కొన్నది నాలుగు గోడలే కాదు, స్థలంలో అవిభాజ్య వాటా కూడా. రిజిస్ట్రేషన్ కాగితాల్లో యూడీఎస్ అని ఇన్ని గజాలు రాసి ఉంటుంది చూడండి. 2017 జనవరి 1 తర్వాత అనుమతి తీసుకుని రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ)లో రిజిస్టరైన ప్రాజెక్టు అయితే పని ఇంకా సులువు. రెరా చట్టం ఉమ్మడి ప్రాంతాల నిర్వచనంలో టెర్రస్‌ని పేరు పెట్టి చెప్పింది. అంతకుముందు కట్టినదైతే 1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం, మీ సేల్ డీడ్, మున్సిపల్ ప్లాను కలిపి చూడాలి. సేల్ డీడ్‌లో 'డాబా హక్కులు బిల్డర్‌కే' అన్న వాక్యం ఉంటే భయపడకండి. అలాంటి వాక్యాలన్నీ చెల్లవనీ లేదు, అన్నీ చెల్లుతాయనీ లేదు. అది ఎలా రాశారో చూస్తేనే తెలుస్తుంది, అందుకే డీడ్ మొత్తం చదివించండి. ప్రైవేటు స్థలంలో టవర్ పెట్టాలంటే టెలికాం కంపెనీ యజమానితో ఒప్పందం చేసుకోవాలి. ఇరవై మందికి వాటా ఉన్న డాబాని ఒక్కడు సంతకం పెట్టి ఇచ్చేస్తే, ఆ ఒప్పందం మీ ఇరవై మందినీ కట్టిపడేయదు.

మీరు పంపిన మూడో ఫొటో నన్ను ఎక్కువ కలవరపెట్టింది. ఇనుప స్టాండు కాళ్లు నేరుగా స్లాబు మీదకి దిగాయి. ఒక కాలు చుట్టూ చెమ్మ నల్లగా పాకింది. నాలుగో ఫొటోలో మీ పడకగది సీలింగ్ మీద సరిగ్గా అదే మూలన మరక, పెచ్చు లేచిన సిమెంటు ఉన్నాయి. ఇది రోజూ కళ్లకి కనబడే ప్రమాదం. టవర్ బరువుని బిల్డింగ్ మోయగలదని స్ట్రక్చరల్ ఇంజినీర్ ఇచ్చిన సర్టిఫికెట్ ఉండితీరాలి. ఆ కాపీ కోసం మున్సిపల్ సర్కిల్ ఆఫీసుకీ టెలికాం శాఖకీ సమాచార హక్కు దరఖాస్తులు పెట్టండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఈలోపు మీ తరఫున ఒక ఇంజినీర్‌ని పిలిపించి, తేదీ వేసిన రిపోర్టు తీసుకోండి.

జనరేటర్ సంగతి తేలికైనది. నివాస ప్రాంతంలో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబెల్స్ దాటకూడదు, పగలైతే 55. సనత్‌నగర్‌లోని కాలుష్య నియంత్రణ మండలికి రాయండి, నకలు పోలీస్ స్టేషన్‌లో ఇచ్చి రసీదు తీసుకోండి. ఏ రాత్రి ఎన్ని గంటలు నడిచిందో ఒక నోటు పుస్తకంలో రాసిపెట్టండి.

కొన్నేళ్ల కిందట ఇలాంటి కేసుతోనే ఒక పెద్దాయన నా దగ్గరికొచ్చారు. రెండంగుళాల మందం ఫైలు తెచ్చారు. అన్నీ రేడియేషన్ మీద పేపర్ కటింగులు, వరుస తప్పకుండా అతికించి ఉన్నాయి. సేల్ డీడ్ జిరాక్స్ అడిగితే బీరువాలో ఉందన్నారు. అప్పటికే వేరే వకీలు వేసిన దావాలో డాబా వాటా ప్రస్తావనే లేదు. స్టే రాలేదు. ఆయన ముఖం ఇప్పటికీ నా కళ్లముందుంటుంది. మీకు అలా కాకూడదు.

మీ జిల్లా కోర్టు ఎల్.బి.నగర్‌లో ఉంది. బిల్డర్‌నీ టవర్ కంపెనీనీ ప్రతివాదులుగా పెట్టి, ఆ ఒప్పందం మిమ్మల్ని బంధించదని ప్రకటించాలనీ, టవర్ తీయించాలనీ, ఈ రెండేళ్ల అద్దెకి లెక్క చెప్పించాలనీ అడగవచ్చు. అనవసరంగా ప్రభుత్వాన్ని చేరిస్తే ఆ రెండు నెలల నోటీసు చిక్కు మీకూ వస్తుంది. అందరూ కలిస్తే మంచిది. కానీ 'అద్దె మెయింటెనెన్స్‌కి ఇస్తాం' అని బిల్డర్ అనగానే కొందరు మెత్తబడతారు, దానికి సిద్ధంగా ఉండండి. వాటాదారుగా మీరొక్కరే వేసినా దావా చెల్లుతుంది. స్త్రీలకి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. ఆ కోర్టు ఆవరణలోనే ఉన్న జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు ఇవ్వండి.

పాప గురించి ఒక మాట. ఒంటికి ఎక్కువ తరంగాలు తగిలేది చెవికి ఆనించుకున్న ఫోన్ నుంచి, డాబా మీది టవర్ నుంచి కాదు. సిగ్నల్ ఒక్క గీతే ఉన్నప్పుడు, లిఫ్టులో ఉన్నప్పుడు ఫోన్ ఇంకా గట్టిగా ప్రసారం చేస్తుంది. అప్పుడు స్పీకర్ పెట్టుకోండి, రాత్రి తలగడ కింద పెట్టనివ్వకండి. స్టార్, హ్యాష్, సున్నా, ఏడు, హ్యాష్ నొక్కితే మీ ఫోన్ ఎస్ఏఆర్ విలువ, అంటే దాని తరంగాల శక్తిని ఒళ్లు ఎంత పీల్చుకుంటుందో చెప్పే అంకె, కనబడుతుంది. మన దేశంలో కిలోకి 1.6 వాట్లు దాటకూడదు. ఫోన్ వెనక అతికించే రేడియేషన్ చిప్‌లకి డబ్బు పెట్టవద్దు. మామగారి స్కానింగ్ తేదీలు మాత్రం కోర్టు వాయిదాల కోసం ఒక్కటి కూడా తప్పనివ్వకండి.

ఇప్పుడు అన్నిటికంటే తొందరైన విషయం. డిక్లరేషన్, అంటే ఒప్పందం మిమ్మల్ని బంధించదన్న ప్రకటన, అడిగే దావాకి గడువు మూడేళ్లు. టవర్ నిలబెట్టిన రోజు నుంచి లెక్క పెడతారనుకుని నడుచుకోండి. రెండేళ్లు అయిపోయాయి. లీగల్ నోటీసు పంపినంత మాత్రాన ఆ గడువు ఆగదు. టవర్ ఏ తేదీన పెట్టారో ఈ వారమే తేల్చుకోండి. వాచ్‌మన్ రిజిస్టర్, అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో ఆ రోజు మెసేజీలు, ఫొటోలు, ఏది దొరికినా ప్రింటు తీసి సేల్ డీడ్‌తో కలిపి పెట్టండి.