ఇనుప మర్రి శిల్పమేనా?

సందేహం: మా ఊరి పార్కులో పాత ఇనుప ముక్కలు అతికి, ఊడలు దిగిన మర్రిచెట్టును నిలబెట్టారు. బోర్డు మీద 'ఇనుముతో చెక్కిన ప్రకృతి శిల్పం' అని రాశారు. శిలతో చేస్తేనే కదా శిల్పం? – ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్

సమాధానం: ఇనుముతో చేసినా శిల్పమే. శిల నుంచి శిల్పం పుట్టిందనే మాట చెవికి ఇంపుగా ఉండబట్టి నిలిచిపోయింది, బడిలో అలాగే చెప్పేవారూ ఉన్నారు. సంస్కృత పదాల పుట్టుక చెప్పే ఉణాది సూత్రాల వ్యాఖ్యాతలు మాత్రం ఈ శబ్దాన్ని 'శీల' ధాతువు, అంటే క్రియామూలం, నుంచి సాధించారు. దీర్ఘం హ్రస్వమైంది. మనసు నిలిపి, పదేపదే చేసి అలవరచుకోవడం ఆ ధాతువులోని భావం. అనుశీలన, పరిశీలన దాని సంతానమే. అమరకోశం రాసిన అమరసింహుడు 'శిల్పం కర్మ కలాదికమ్' అన్నాడు, అంటే కళలు మొదలైన పని శిల్పమని. అందులో రాయి ఊసే లేదు.

ఇంకా వెనక్కి వెళ్తే ఋగ్వేదానికి చెందిన ఐతరేయ బ్రాహ్మణం అనే గ్రంథం ఉంది. ఆ భాగమంటే నాకు ప్రాణం. మనుషుల శిల్పాలు దేవశిల్పాలకు అనుకృతులని చెప్పి, ఏనుగు, కంచుపాత్ర, వస్త్రం, బంగారం, కంచరగాడిదల రథం అని వరసగా చెబుతుంది. ఏనుగంటే ఇక్కడ ఏనుగు బొమ్మే. పోత, నేత, వడ్రంగం అన్నీ వచ్చాయి చూడండి! 'ఆత్మసంస్కృతిర్వావ శిల్పాని' అన్న మాట కూడా అక్కడిదే: శిల్పాలు మనిషి తనను తాను సంస్కరించుకునే దారులట. దేవుడు చేసిన మర్రిని చూసి మనిషి మర్రిని చేస్తే, శిల్పమనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

మీకు దగ్గరే కదా, అలంపురం వెళ్లి నవబ్రహ్మ ఆలయాల స్తంభాల మీది పూర్ణకుంభాలు చూడండి. కుండ మూతి నుంచి పొంగి, అంచు దాటి కిందికి వాలిన ఆకులు. దాదాపు 1,300 ఏళ్ల కిందటి పని. రాయి ఆ శిల్పికి దొరికిన సరుకు. ఆకు వాలే తీరు అతను శీలించి పట్టుకున్నది. మీ పార్కులో పనిచేసినాయనకు ఇనుము దొరికింది, అంతే.

నాకు కోపం తెప్పించింది ఆ 'చెక్కిన'. రాయిని, కర్రను చెక్కుతాం. కంచును పోతపోస్తాం. ఇనుమును కాల్చి సాగగొడతాం, అతుకుతాం. ఇన్ని క్రియలు చేతిలో ఉండగా ఈమధ్య పేపర్లు కూడా అన్నింటికీ 'చెక్కడమే' వాడుతున్నాయి. 'వెల్డింగ్ చేసిన' అని రాసినా నాకు అభ్యంతరం లేదు, ఆ పనివాడి కష్టం అందులో కనిపిస్తుంది.

'ప్రకృతి శిల్పం' అంటే ప్రకృతి చేసిన శిల్పమనే ముందు తోస్తుంది. పాలమూరు పొలాల నడుమ ఒకదాని మీద ఒకటి నిలిచిన గుండ్లకు ఆ పేరు బాగుంటుంది. దీనికి 'మర్రి శిల్పం' చాలు.

శిల్పం బదులు విగ్రహం అందామంటే, అది దేవుళ్లకూ మనుషులకూ అలవాటైన మాట, చెట్టుకు అతకదు. ఇక 'బొమ్మ' అంటే చిన్నచూపని బోర్డులు రాసేవారి భయం. నాకు ఆ మాట మీదే మమకారం ఎక్కువ, అయినా పట్టుబట్టను. శిల్పం, బొమ్మ రెండింట్లో ఏది ఉంచినా సరే, 'చెక్కిన' మాత్రం తీయించండి.