పొడుగు మనిషికి ఏ బండి?

ప్రశ్న: అన్నా, మాది రాయగడ, నా హైటు ఆరడుగుల మూడంగుళాలు. నాన్న స్ప్లెండర్ మీద పార్వతీపురం వెళ్లొచ్చేసరికి మోకాళ్లు పట్టేస్తున్నాయి, ఏ బండి కొనమంటావ్?

జవాబు: తమ్ముడూ, స్ప్లెండర్ సీటు ఎత్తు 785 మిల్లీమీటర్లే, నీ కాళ్లు పట్టెయ్యక ఏం చేస్తాయి. హీరో వాళ్ల ఎక్స్‌పల్స్ 200 4వీ మామూలు మోడల్ 825, రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450 కూడా అంతే, కాకపోతే దాని సీటు 845 దాకా లేపుకోవచ్చు. కానీ ఆ నంబరొక్కటే చూసి డబ్బు కట్టెయ్యకు, అసలు లెక్క సీటుకీ ఫుట్‌రెస్టుకీ మధ్య దూరంలో ఉంటుంది. షోరూంలో కూర్చుని కాళ్లు ఫుట్‌రెస్టుల మీద పెట్టి హ్యాండిల్ పూర్తిగా అటూ ఇటూ తిప్పు, మోకాలికి తగిలిందా, వదిలెయ్. నాన్నగారు కూడా వెనక ఎక్కుతారుగా, ఎత్తు బండి పెద్దాళ్లకి కష్టం, ఆయన్నీ తీసుకెళ్లి ఎక్కించి చూడు.